కంటి ఆపరేషన్ రద్దు చేసుకున్నాక కట్టిన అడ్వాన్సు తిరిగి తెచ్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం. కొన్నేళ్ల కిందట మా అమ్మ శుక్లాల ఆపరేషన్‌కి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో 18,000 రూపాయలు అడ్వాన్సు కట్టాం. ఆపరేషన్ జరగలేదు. ఆ డబ్బు కోసం నాలుగుసార్లు బస్సెక్కాను. ఈ సంగతి మా వీధిలో తెలిసింది, వీధి నుంచి చుట్టాలకి, చుట్టాల నుంచి వాళ్ల చుట్టాలకి పాకింది. ఇప్పుడు టెక్కలి నుంచి, బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి ఫోన్లు వస్తుంటాయి. అందరి సందేహాలూ దాదాపు ఒకటే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వకీలుని కాదు. పెద్ద మొత్తం ఇరుక్కుంటే వకీలుని కలవండి.

## డబ్బు కట్టేటప్పుడు

తేదీ ఇవ్వాలంటే ముందు అడ్వాన్సు కట్టాల్సిందే అంటున్నారు. అలా అడగొచ్చా?

అడగొచ్చు. ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్‌కి ప్రైవేటు ఆసుపత్రి అడ్వాన్సు తీసుకోవడం తప్పు కాదు. థియేటర్ ఖాళీగా పోతే వాళ్లకీ నష్టమే. కానీ మొత్తం ప్యాకేజీ ముందే కట్టమంటే ఆలోచించండి. "ఇప్పుడు రెండు వేలు కడతాం, మిగతాది ఆపరేషన్ రోజు కడతాం" అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగనిదే ఎవరూ తగ్గించరు.

కట్టే ముందు కౌంటర్లో ఏం అడగాలి?

మూడు మాటలు. రద్దు చేసుకుంటే ఎంత కోస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎవరి ఖాతాలో వేస్తారు. ఇవి కౌన్సెలర్ నోటితో చెబితే చాలదు. కంటి ఆసుపత్రుల్లో ప్యాకేజీలు వివరించే కౌన్సెలర్ ఒకరు, డబ్బు తీసుకునే క్యాషియర్ ఇంకొకరు, తిరిగివ్వాల్సింది అకౌంట్స్ వాళ్లు. "డబ్బులెక్కడికి పోతాయమ్మా, కట్టీయండి" అన్న అమ్మాయి మీరు మళ్లీ వెళ్లేసరికి అక్కడ ఉద్యోగంలో ఉండకపోవచ్చు. మా విషయంలో అదే జరిగింది. అందుకే రసీదు వెనక రెండు ముక్కలు రాయించి సంతకం తీసుకోండి. రాయడానికి వాళ్లు వెనకాడితే, కట్టడానికి మీరూ ఒకరోజు ఆగొచ్చు.

రసీదు కింద చిన్న అక్షరాల్లో 'నాన్ రిఫండబుల్' అని ఉంది. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

వదులుకోవద్దు. అచ్చువేసిన ఒక లైనుతో మొత్తం డబ్బు వాళ్లదైపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా రాబట్టుకోగలిగేది సమంజసమైన పరిహారమే. జరిగిన నష్టానికి పొంతన లేనంత జరిమానా వేసే ఒప్పందాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం కింద చేర్చింది. ఒప్పందమే అన్యాయమని కొట్టేయించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. మనలాంటి చిన్న మొత్తాలకి అంతదూరం అక్కర్లేదు. సేవ చేయకుండా డబ్బు అట్టే పెట్టుకున్నారన్న ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే నడుస్తుంది.

కౌంటర్లో సెక్షన్లు చదవకండి. "చేయని ఆపరేషన్‌కి ఏ ఖర్చు అయిందో రాసివ్వండి" అని అడగండి. ఆ లైను బలం అక్కడే తగ్గుతుంది.

రసీదు ఇవ్వలేదు, తెల్లచీటీ మీద అంకె రాసి ఇచ్చారు. రుజువేముంది?

ముందు ఆ చీటీ ఫొటో తీసుకోండి. ఫోన్‌లో కట్టి ఉంటే లావాదేవీ వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటాయి, అవి గట్టి రుజువులు. నగదు ఇచ్చి ఉంటే ఆరోజే ఆసుపత్రి వాట్సాప్ నంబరుకి ఒక మెసేజ్ పెట్టండి: "ఈరోజు మా నాన్నగారి ఆపరేషన్‌కి 10,000 నగదు కట్టాం, రసీదు పంపగలరు." వాళ్లు "ఓకే సర్" అన్నా చాలు, అది మీకు రసీదులా పనికొస్తుంది. బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగానే చూస్తుంది.

## వద్దనుకున్నప్పుడు

కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టీసాం. ఇప్పుడు మానుకోవచ్చా?

మానుకోవచ్చు. ఆ సంతకం ఆపరేషన్‌కి ఇచ్చిన అనుమతి, చేయించుకుని తీరతామన్న బాండు కాదు. ఆపరేషన్ మొదలయ్యేలోపు ఎప్పుడైనా అనుమతి వెనక్కి తీసుకునే హక్కు పేషెంటుకి ఉంది.

ఏ ఆపరేషనైనా మానుకోవచ్చా? ప్రమాదం లేదా?

డబ్బు సంగతి పక్కనపెట్టి ముందు ఇది తేల్చుకోండి. మామూలు శుక్లం కొన్ని వారాలు, నెలలు ఆగినా సాధారణంగా ముప్పు లేదు. కళ్లద్దాలు తీసేయడానికి చేసే లేసిక్ అసలు చేయించుకోకపోయినా నష్టం లేదు. రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడటం, శుక్లం బాగా ముదిరి కంటి ఒత్తిడి పెరిగి నొప్పి రావడం అలాంటివి కావు. వాటిలో ఆలస్యమైతే చూపు పోతుంది. ఏ రకమో తెలియకపోతే ఇంకో కంటి డాక్టరుకి చూపించాకే రద్దు మాట ఎత్తండి.

ఫోన్ చేసి రాలేమని చెప్పాం, సరే అన్నారు. అది చాలదా?

చాలదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నెల తర్వాత వెళ్తే "మీరు ఆరోజు రాలేదు, థియేటర్ స్లాటు వేస్టయింది" అంటారు. మీరు ముందే చెప్పారన్న గుర్తు వాళ్ల దగ్గర ఎక్కడా ఉండదు. రద్దు మాట తేదీతో సహా కాగితం మీదికి ఎక్కాలి. నేను రాసిన ఉత్తరం ఇంతే:

"మేనేజరు గారికి, మా అమ్మగారి పేరున (ఫైలు నంబరు ఫలానా) ఫలానా తేదీన జరగాల్సిన కుడికంటి శుక్లాల ఆపరేషన్‌ను రద్దు చేసుకుంటున్నాం. దీనికోసం ఫలానా తేదీన, ఫలానా రసీదు నంబరుతో 18,000 రూపాయలు అడ్వాన్సు కట్టాం. ఇప్పటివరకు చేసిన పరీక్షల రుసుము ఏమైనా ఉంటే వివరంగా రాసిచ్చి, మిగతా మొత్తం ఈ కింది ఖాతాలో జమ చేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఇన్వర్డ్ ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం వేయించుకోండి. మా ఉత్తరం మీద నీలం సిరా ముద్ర సగమే పడింది. తేదీ అంకెలు అలుక్కుపోతే మళ్లీ వేయించాను. అక్కడున్నతను విసుక్కున్నాడు గానీ, తర్వాత ఆ తేదీయే పనికొచ్చింది. వెళ్లలేకపోతే ఈమెయిల్ పెట్టి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. అందినట్టు రుజువు కావాలని పోస్టాఫీసులో అడగండి.

కారణం చెప్పాలా? వేరే ఆసుపత్రికి వెళ్తున్నామంటే డబ్బు ఆపేస్తారని భయం.

కారణం రాయక్కర్లేదు. "వ్యక్తిగత కారణాల వల్ల" అంటే సరిపోతుంది. లేని జబ్బు, లేని చావు మాత్రం చెప్పకండి. తర్వాత ఎక్కడైనా బయటపడితే మీ నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది.

షుగరు ఎక్కువుందని డాక్టరే ఆపరేషన్ ఆపారు. అప్పుడు కూడా కోత పెడతారా?

అప్పటిదాకా చేసిన పరీక్షల ఖర్చు తప్ప ఇంకేమీ కోయడం న్యాయం కాదు. ఆపింది వాళ్లు. మా అమ్మది ఇదే కథ. ఆపరేషన్ ముందురోజు షుగరు బాగా ఎక్కువ చూపించింది, డాక్టరు వాయిదా వేశారు, ఆయన చేసింది సరైనదే. షుగరు తగ్గాక మళ్లీ విశాఖ దాకా వెళ్లడానికి అమ్మ ఒప్పుకోలేదు. "రథసప్తమికి అరసవల్లి స్వామిని చూసుకున్నాక ఇక్కడే చేయించుకుంటాను" అంది. కంటి జబ్బుకి అరసవల్లి సూర్యనారాయణ స్వామి మొక్కు మా వైపు కొత్తేం కాదు.

ఇలాంటప్పుడు వాయిదా వేసినట్టు డాక్టరు రాసిన చీటీ దగ్గర పెట్టుకోండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లకి కిడ్నీ రిపోర్టు చూసి డాక్టరు ముందు ఆ సంగతి చూపించుకు రమ్మనడం ఉంటుంది, వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. లేసిక్‌కి డబ్బు కట్టించుకున్నాక స్కాన్ తీసి కార్నియా (కంటి ముందు పొర) పలచగా ఉంది, చేయకూడదు అన్నారనుకోండి. స్కాన్ రుసుము వాళ్లకి, మిగతాది మీకు. అసలు స్కాన్ తీశాకే అడ్వాన్సు అడగాల్సింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న, కంట్లో చుక్కలు కూడా వేశాక భయపడి వచ్చేశాం. మాకు ఏమైనా వస్తుందా?

వస్తుంది, కానీ కోత ఎక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. మందులు, చుక్కలు, తెరిచిన సామాను, ఆరోజు థియేటర్ ఖర్చు వాళ్లు చూపించగలరు. చేయని ఆపరేషన్‌కి సర్జన్ ఫీజు, అమర్చని లెన్స్ ధర మాత్రం అడగడానికి కారణం ఉండదు.

## ఎంత కోస్తారు

పది శాతమా, సగమా? చట్టంలో ఎంతని ఉంది?

ఆసుపత్రి అడ్వాన్సులో ఇంత శాతం కోయొచ్చని ఏ చట్టమూ చెప్పలేదు. అందుకే శాతాల మీద బేరం మొదలుపెట్టకండి. శాతం అంటే ఊహ, ఖర్చంటే లెక్క. మాకు మొదట "సగం ఇస్తాం, తొమ్మిది వేలు తీసుకోండి" అన్నారు. మా మామయ్య తీసేసుకుందామన్నాడు, బస్సు ఛార్జీలు కలిసొస్తాయని. మిగతా తొమ్మిది వేలు దేనికో కాగితం మీద రాసివ్వమన్నాను. మేనేజరు లోపలికి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి "వచ్చే వారం రండి" అన్నారు.

వారం తర్వాత చేతికొచ్చిన కాగితంలో మూడే పద్దులున్నాయి. లెన్స్ పవరు కొలిచే ఎ-స్కాన్ 750, రక్తపరీక్షలు 900, కన్సల్టేషన్, ఫైలు కలిపి 500. మొత్తం 2,150. మాకు 15,850 వచ్చింది. ఆ మూడూ నిజంగా చేశారు కాబట్టి నేనూ మారు మాట్లాడలేదు. తొమ్మిది వేలు కోస్తామన్నవాళ్లని అంతకి దించింది నా గొంతు కాదు, పద్దులు రాయాల్సి రావడమే.

మీ కోసం లెన్స్ తెప్పించేశాం, అది వెనక్కి పోదు అంటున్నారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. శుక్లాల ఆపరేషన్లో వాడే మామూలు మోనోఫోకల్ (ఒకే దూరానికి చూపునిచ్చే) లెన్సులు సాధారణ పవర్లలో ఆసుపత్రి స్టాకులోనే ఉంటాయి. మీకు వాడకపోతే రేపు అదే పవరున్న ఇంకొకరికి వాడతారు. సిలిండర్ పవరు సరిచేసే టోరిక్ లెన్స్ గానీ, అద్దాలు తీసేయడానికి కంట్లో పెట్టే ఐసీఎల్ గానీ మీ కొలతలకి ప్రత్యేకంగా ఆర్డరిస్తే, అది ఇంకొకరికి సరిపోవడం కష్టం. అక్కడ వాళ్ల మాటలో బలం ఉంది.

తేల్చుకునే దారి తేలికే. లెన్స్ డబ్బా చూపించమనండి. దాని మీద పవరు, సీరియల్ నంబరు, గడువు తేదీ, ఎంఆర్‌పీ ఉంటాయి. లోపల చిన్న స్టిక్కర్లు ఉంటాయి, ఆపరేషన్ అయ్యాక అందులో ఒకటి పేషెంటు కార్డు మీద అంటిస్తారు. డబ్బా మీది పవరు మీ స్కాన్ రిపోర్టుతో సరిపోయిందా, కొన్న బిల్లు తేదీ మీ రద్దు ఉత్తరం కంటే ముందుదా చూడండి. రెండూ సరిపోతే లెన్స్ ఖరీదు విషయంలో మీరూ కొంత తగ్గండి. డబ్బా చూపించకపోతే తగ్గాల్సిన పనిలేదు. డబ్బా చూపించమన్నాక "సరే, లెన్స్ సంగతి వదిలేద్దాం" అన్న ఆసుపత్రి ఒకటుందని విజయనగరం నుంచి ఒకాయన చెప్పి నవ్వారు.

తిరిగిచ్చేదాంట్లో జీఎస్టీ కోశారు.

శుక్లాలకి చికిత్స ఆరోగ్య సేవ, దాని మీద జీఎస్టీ లేదు. ఆ పేరుతో కోస్తే పన్ను బిల్లు అడగండి.

డబ్బు ఇవ్వం, ఏడాదిలోపు ఎప్పుడొచ్చినా ఆపరేషన్ చేస్తాం అంటున్నారు. ఒప్పుకోవాలా?

అక్కడే చేయించుకునే ఉద్దేశం నిజంగా ఉంటే ఒప్పుకోండి. కానీ అదే ధర, అదే లెన్స్, ఎప్పటిదాకా అన్నది రాయించుకోండి. ఉద్దేశం లేకపోతే ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. మొహమాటానికి తలూపితే ఏడాది గడిచిపోతుంది.

## కట్టిన దారిని బట్టి

ఫోన్‌పేలో మా తమ్ముడు కట్టాడు. రిఫండ్ ఎవరికి వస్తుంది?

మామూలుగా కట్టిన ఖాతాకే వెనక్కి వెళ్తుంది, అదే మంచిది కూడా. ఇంకొకరి ఖాతాలో వేయించుకోవాలంటే తమ్ముడి చేత అభ్యంతరం లేదని రెండు లైన్లు రాయించండి. పంపేశామని వాళ్లు అంటే యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ గుర్తింపు నంబరు) అడగండి. ఆ నంబరు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే డబ్బు ఎక్కడుందో చెప్తారు.

ఒక జాగ్రత్త. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోన్ చేసి, రిఫండ్ కోసం క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలోనే ఈఎంఐ పెట్టించారు. ఆపరేషన్ రద్దయినా వాయిదాలు కోస్తున్నారు.

ఈఎంఐ అంటే మీ పేరున అప్పు. ఫైనాన్స్ కంపెనీ ఆసుపత్రికి డబ్బు ఎప్పుడో పంపేసి ఉంటుంది. ఆసుపత్రికి రద్దు ఉత్తరం ఇచ్చిన రోజే ఫైనాన్స్ కంపెనీకి కూడా ఈమెయిల్ పెట్టండి, రద్దు కాపీ జత చేయండి. ఆసుపత్రి డబ్బు మీ చేతికి కాక కంపెనీకి తిరిగి పంపాలి, అప్పుడే లోను మూసుకుంటుంది.

అది తేలేదాకా కోపంతో ఖాతా ఖాళీ చేయకండి. వాయిదా బౌన్సయితే ఛార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆసుపత్రి తప్పు మీ నెత్తిన పడుతుంది. లోను మూశాక బాకీ లేదని తెలిపే నో డ్యూస్ ఉత్తరం తీసుకోండి. కంపెనీ నెల దాటినా పట్టించుకోకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్ ఉన్నారు, సమాచారానికి 14448.

ఇన్సూరెన్స్ వస్తుందని కట్టాం, తీరా రాదన్నారు. అందుకే మానేశాం.

శుక్లాలకి చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్న రెండేళ్ల దాకా ఆ ఖర్చు రాదు. లేసిక్‌కి 7.5 డయాప్టర్ల కంటే తక్కువ పవరుంటే ఆరోగ్య పాలసీల ప్రామాణిక మినహాయింపుల ప్రకారం రాదు. ఇవి ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కు వాళ్లకి రోజూ తెలిసిన సంగతులే. "వచ్చేస్తుంది" అని వాళ్లు వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ మెసేజ్ దాచుకోండి, రిఫండ్ అడగడానికి అంతకంటే మంచి కారణం లేదు. క్యాష్‌లెస్ అనుమతి అడిగాక గంటలో బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. కాబట్టి అనుమతి వచ్చాకే అడ్వాన్సు సంగతి మాట్లాడదామని మీరు అడగొచ్చు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నా డిపాజిట్ కట్టించుకున్నారు.

ఆ పథకం కింద వచ్చే చికిత్సకి నెట్‌వర్క్ ఆసుపత్రి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ముందు ఆసుపత్రిలోనే పథకం తరఫున ఉండే వైద్యమిత్రని అడగండి, తర్వాత 104కి ఫోన్ చేయండి. పథకంలో లేని ఖరీదైన లెన్స్ మీరే కోరుకుంటే అది వేరే లెక్క. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారన్నది మాత్రం మరిచిపోకండి.

## తిప్పుతున్నప్పుడు

"రేపు రండి, సార్ లేరు" అంటున్నారు. ఎన్నాళ్లు చూడాలి?

రసీదులో గడువుంటే ఆ గడువు. లేకపోతే రద్దు ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు. లోపమున్న సేవల డబ్బు తిరిగివ్వడానికి, బిల్లులో గడువు రాయని చోట వినియోగదారుల చట్టం పెట్టిన లెక్క అదే. మనం అడగడానికి అది మంచి కొలత. ఈలోపు వెళ్లిన ప్రతిసారీ ఎవరిని కలిశారో, ఏమన్నారో సాయంత్రానికి ఒక మెసేజ్ పెట్టండి: "ఈరోజు మిమ్మల్ని కలిశాం, సోమవారం ఇస్తామన్నారు." నాలుగు మెసేజ్‌లు పోగయ్యేసరికి కౌంటర్ భాష మారుతుంది.

నెల దాటితే 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. వకీలు చేతే పంపాలని లేదు, మీరు రాసినా చెల్లుతుంది.

1915కి ఫోన్ చేస్తే నిజంగా పనవుతుందా?

అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదుని ఆసుపత్రికి పంపి జవాబు అడుగుతారు. పేరు చెడుతుందని భయపడే పెద్ద ఆసుపత్రులు దీనికే దిగొస్తాయి. చిన్నవి కొన్ని పట్టించుకోవు. ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇది చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఆసుపత్రి వైజాగ్‌లో, మేముండేది పలాసలో. కేసు వేయాలంటే అక్కడికే వెళ్లాలా?

అక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇదే. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. పలాసవాళ్లు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, గజపతినగరం వాళ్లు విజయనగరంలో వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేయాలంటే 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ఉంది. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. దీనికి రద్దు ఉత్తరం, రసీదు, మెసేజ్‌లు, నోటీసు కాపీ కావాలి. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది గానీ, అంత తొందరగా అయిపోతుందని లెక్క వేసుకోకండి. చాలామంది ఆసుపత్రుల వాళ్లు కమిషన్ నోటీసు అందాక రాజీకి ఫోన్ చేస్తారు.

డాక్టర్ల మీద వినియోగదారుల కేసు పడదట కదా?

పడుతుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. పైగా మీది వైద్యంలో తప్పు జరిగిందన్న కేసు కాదు, లెక్కల కేసు. దీనికి నిపుణుల సాక్ష్యం అక్కర్లేదు. ఫిర్యాదులో డాక్టరుని తిట్టకండి, డబ్బు మాటే రాయండి.

కేసు వద్దు, మధ్యలో ఎవరైనా మాట్లాడి తేల్చే దారి ఉందా?

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని దరఖాస్తు ఇవ్వొచ్చు, రుసుము లేదు. ఆసుపత్రిని పిలిపిస్తారు, ఇద్దరూ ఒప్పుకుంటే అవార్డు (రాజీ తీర్పు) రాస్తారు, దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఉచితంగా వకీలుని కూడా ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100.

డీఎంహెచ్‌ఓకి (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి) ఫిర్యాదు చేస్తే డబ్బు ఇప్పిస్తారా?

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ఆ కార్యాలయం ద్వారా నడుస్తుంది. అందుకే రసీదులు ఇవ్వకపోవడం లాంటి వాటి మీద అక్కడ ఫిర్యాదుకి విలువ ఉంది. రిఫండ్ ఇప్పించడం మాత్రం వాళ్ల పని కాదు.

గూగుల్ రివ్యూలో కడిగేద్దామా?

జరిగింది జరిగినట్టు, తేదీలతో రాయండి. "దొంగలు" లాంటి మాటలు రాస్తే పరువునష్టం అంటూ మీకే నోటీసు రావచ్చు. నా మట్టుకు నేను డబ్బు చేతికొచ్చేదాకా రాయను.

## డబ్బు వచ్చేటప్పుడు

చెక్కు ఇస్తూ 'పూర్తిగా ముట్టింది' అని సంతకం పెట్టమన్నారు.

మీరు ఒప్పుకున్న మొత్తమే అయితే పెట్టండి. తక్కువైతే సంతకం పైన "మిగతా సొమ్ముపై నా హక్కు వదులుకోకుండా ఇంతవరకు తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ చెక్కు కోసం హక్కు వదులుకోవాలా అన్నది మీ అవసరాన్ని బట్టి.

డబ్బు ఇచ్చారు గానీ స్కాన్ రిపోర్టులు ఇవ్వనంటున్నారు.

పరీక్షల డబ్బు కోసుకున్నాక రిపోర్టులు మీవే. పేషెంటు అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 చెబుతోంది. ఎ-స్కాన్ కాగితం ముఖ్యంగా తెచ్చుకోండి, ఇంకో ఆసుపత్రిలో చూపించడానికి పనికొస్తుంది.

అడ్వాన్సు కట్టిన మా నాన్నగారు ఆపరేషన్‌కి ముందే పోయారు.

డబ్బు వారసులకి చెందుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, మిగతా వారసుల సమ్మతి జత చేసి అడగండి. ఫోన్‌లో మీరే కట్టి ఉంటే ఇంత అక్కర్లేదు, కట్టిన ఖాతాకే వేయమనండి.

ఇంత గొడవయ్యాక మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్తే సరిగ్గా చూస్తారా?

గొడవ అకౌంట్స్ వాళ్లతో, చూసేది డాక్టరు. మా అమ్మ కుడికన్ను రథసప్తమి వెళ్లాక శ్రీకాకుళంలోనే చేయించాం. మరుసటేడు ఎడమకంటికి, ఆరోజు షుగరు చూసి ఆపిన డాక్టరు దగ్గరికే వెళ్దామని అమ్మే అంది. ఆ ఆసుపత్రికే వెళ్లాం. కౌంటర్లో ఈసారి మూడు వేలు కట్టాను. క్యాషియర్ నన్ను గుర్తుపట్టినట్టుంది. నేను అడగకముందే రసీదు తిప్పి, వెనక "రద్దయితే పరీక్షల ఖర్చు పోను 15 రోజుల్లో" అని రాసి, సంతకం పెట్టి చేతికిచ్చింది.